డిగ్రీ పట్టా ఉంది, పొలం పట్టా లేదు!

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్దరోడ్డు మీద, నకిరేకల్లు దాటి సూర్యాపేట చేరకముందు వస్తుంది కేతేపల్లి. నల్లగొండ జిల్లాలో ఇది మండల కేంద్రం. చేరువలోనే మూసీ ప్రాజెక్టు ఉంది. 1963లో పూర్తయిన ఆ ప్రాజెక్టు కాలువల కింద కొంత నేల తడుస్తుంది. కాలువ అందని చోట బాయి, బోరు, ఆ పైన వానదేవుడు.

వానాకాలం వరికోతల రోజుల్లో మేము ఆ ప్రాంతానికి వెళ్ళాం. ధాన్యం ధర గురించీ, కాంటాల ఆలస్యం గురించీ రైతులు చెప్పుకుంటారనుకున్నాం. అవీ చెప్పారు. కాని మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒకచోటికే వచ్చి ఆగింది: చదువు ముగించి ఇంటికి తిరిగి వచ్చిన పిల్లలు.

ఒక ఇంటి సంగతి చెబుతాం. పేర్లు రాయవద్దని కోరారు, రాయడం లేదు. మూడెకరాల రైతు. అరవై దాటిన మనిషి. కొడుకు ఇంజనీరింగు పూర్తిచేసి నాలుగేళ్ళయింది. కూతురు డిగ్రీ చదివింది. కల్లం దగ్గర వడ్లు ఆరబోస్తూ ఆ రైతు మాతో అన్నాడు:

"ముప్పై యేండ్లు నేను బురద తొక్కిన సారూ. నా కొడుకు తొక్కొద్దని సదివిచ్చిన. ఫీజు సర్కారు ఇచ్చింది గని హాస్టలు ఎవరిస్తరు? ఎకరం అమ్మిన. ఇయ్యాల మళ్ల ఇద్దరం ఒక్క మడిల్నే ఉన్నం."

కొడుకు పక్కనే బస్తాలకు మూతి కుడుతున్నాడు. తలెత్తలేదు. "ఊకో నాయినా, సార్లకు అయన్నీ ఎందుకు?" అన్నాడు. తల్లి మాత్రం ఊరుకోలేదు. "నీళ్ళకు పోతే అడుగుతరు, పెండ్లికి పోతే అడుగుతరు. 'ఏందక్కా, నీ కొడుక్కు కొలువు రాలేదా' అంటరు. వాడు ఇనకుండ జవాబు చెప్పాల్నాయె" అంది.

ఈ బిడ్డలు సోమరులా? కారు. ఆ యువకుడు హైదరాబాదులో అశోక్‌నగర్‌లో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదివాడు. ఆ పరీక్షల చరిత్ర ఒకసారి చూద్దాం. 503 గ్రూప్-1 ఉద్యోగాలకు 2022 ఏప్రిల్‌లో ప్రకటన వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాలు లీకయ్యాయని తేలి 2023 మార్చిలో దానిని రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దానినీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన ఇచ్చి, జూన్‌లో మూడోసారి అదే పరీక్ష పెట్టారు. గ్రూప్-2 కథా అంతే. 783 పోస్టులకు 2022 డిసెంబరులో ప్రకటన వస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది.

పరీక్ష వాయిదా పడినంత మాత్రాన గది అద్దె వాయిదా పడదు, మెస్సు బిల్లూ వాయిదా పడదు. నెలకు ఆరువేలు పంపానని ఆ రైతు చెప్పాడు. లెక్క వేసి చూద్దాం. 2025-26కు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ ధరకు నెలకు ఆరువేలంటే రెండున్నర క్వింటాళ్ళు. ఏడాదికి ముప్పై క్వింటాళ్ళు. ఎకరానికి పాతిక క్వింటాళ్ళు పండినా ఒక ఎకరం పంట మొత్తం ఆ గదికే చాలదు. విత్తనం, ఎరువు, కోత మిషను కిరాయి, అప్పు మీద మిత్తి ఇందులో చేరలేదు.

నెలకు 3,016 రూపాయల నిరుద్యోగ భృతి ఇస్తామని 2018 ఎన్నికల్లో ఒక పార్టీ చెప్పింది. అధికారం చేపట్టింది, భృతి ఇవ్వలేదు. 2023 మేలో సరూర్‌నగర్ సభలో మరో పార్టీ 4,000 అన్నది. ఆ పార్టీకీ అధికారం వచ్చింది. ఈ ఇంటికి మాత్రం ఆ డబ్బు రాలేదు. మరి ఇన్నేళ్ళుగా ఆ యువకుడికి భృతి ఇస్తున్నదెవరు? మూడెకరాల రైతు! ప్రభుత్వం మోయవలసిన భారాన్ని రైతు కుటుంబం మోస్తున్నది. ఇది రైతు సమస్య కాదని ఎవరనగలరు?

పొలంలో పని దొరికింది కదా అని వాదించేవారున్నారు. నాట్ల నాడూ కోతల నాడూ తప్ప మూడెకరాల్లో ముగ్గురికి సరిపడా పని ఎక్కడుంది? కోతలకు మిషన్లు వచ్చాక అదీ తగ్గింది. ఇద్దరి పనిని ముగ్గురు పంచుకుంటే పంట పెరగదు, పంచుకునే చేతులే పెరుగుతాయి. అయినా ప్రభుత్వ సర్వేల్లో, ఇంటి పొలంలో జీతం లేకుండా పనిచేసేవాడు ఉపాధి ఉన్నవాడి కిందే లెక్క. ఇంటికి తిరిగి వచ్చి పార పట్టిన మరుక్షణమే నిరుద్యోగుల పట్టికలో వాని పేరు మాయమవుతుంది.

అలా మాయం కాగా మిగిలిన అంకెలే భయపెడుతున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి తయారుచేసి 2024 మార్చిలో విడుదల చేసిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం. పట్టభద్రులైన యువతలో 29.1 శాతం! ఎంత చదివితే అంత ఖాళీగా ఉండే వ్యవస్థను పాలకులు నిర్మించారు.

ఇది మన దేశపు బాధ మాత్రమే కాదు. ధనిక దేశమైన అమెరికాలో 2020 జూలై నాటికి 18 నుంచి 29 ఏళ్ళ వారిలో 52 శాతం తల్లిదండ్రులతోనే ఉన్నారని అక్కడి ప్యూ పరిశోధన సంస్థ లెక్కగట్టింది. చైనాలోనూ 2023 జూన్‌లో పట్టణ యువత నిరుద్యోగం 21.3 శాతానికి చేరింది. తేడా ఏమిటంటే, ఇక్కడ తిరిగి వచ్చిన బిడ్డ అప్పుల్లో ఉన్న పొలం మీద వచ్చి పడుతున్నాడు.

ఇక అసలు ప్రమాదం చూడండి. ఆ ఇంట్లో భూమి పట్టా తండ్రి పేరున ఉంది. పంట పెట్టుబడి సాయం పట్టాదారుకే వస్తుంది. 2018లో మొదలైన రైతు బీమా కింద, పట్టాదారు రైతు మరణిస్తే కుటుంబానికి ఐదు లక్షలు ఇస్తారు. కాని వయసు 18 నుంచి 59 లోపు ఉండాలి. తండ్రికి పట్టా ఉంది, వయసు దాటింది. కొడుకుకు వయసుంది, పట్టా లేదు. రాత్రిపూట బోరు మోటరు వేయడానికి పోయేది ఆ కొడుకే. కరెంటు తీగ తగిలినా, పాము కరిచినా ఆ ఇంటికి బీమా పైసా రాదు. రెక్కలు ముక్కలు చేసుకునే ఇద్దరు రైతులున్న ఇంట్లో, కాగితాల ప్రకారం బీమాకు తగిన రైతు ఒక్కడూ లేడు.

కూతురి సంగతి వేరు. కొడుకు తిరిగి వస్తే కొలువు గురించి అడుగుతారు. కూతురు తిరిగి వస్తే సంబంధం గురించి అడుగుతారు. ఆ అమ్మాయి పత్తి ఏరడానికి కైకిలు పోతున్నది. "సదువుకున్న పిల్ల కైకిలు పోతే కట్నం ఎక్కువడుగుతరని మా అమ్మ భయం. కైకిలు పోకుంటే పుస్తకాలకు పైసలెక్కడివి?" అని ఆమె మమ్మల్నే అడిగింది.

నీళ్ళు, నిధులు, నియామకాలు అనే మూడు మాటల మీద 2014లో తెలంగాణ ఏర్పడింది. మూడో మాట ఈ గడపల ముందు ఇంకా బాకీగానే ఉంది. ఖాళీలన్నీ ప్రకటించి, చెప్పిన తేదీకి పరీక్ష జరపాలి. పరీక్ష రద్దయితే ఆ నష్టాన్ని అభ్యర్థి ఇంటిమీద రుద్దకూడదు. పట్టా ఎవరి పేరున ఉన్నా, పొలంలో పనిచేసే ప్రతి మనిషికీ బీమా వర్తించాలి. వడ్లు, పత్తి పండే చోటనే వాటి మీద ఆధారపడ్డ పరిశ్రమలు రావాలి. యువజన సంఘాలు ఒక దారిన, రైతు సంఘాలు మరో దారిన పోతే ఇవి సాధ్యం కావు. ఒకే ఇంట్లో ఉన్న తండ్రీ కొడుకుల సమస్య రెండు సమస్యలెట్లా అవుతుంది?

మేము బయలుదేరేసరికి పొద్దు వాలింది. కొడుకు బ్యాటరీ లైటు తీసుకుని బాయికాడికి పోతున్నాడు. "పైలం బిడ్డా" అన్నాడు తండ్రి.