ఉప్మాకు ఉప్మా పెట్టొద్దు

రాసినది: 9వ తరగతి విద్యార్థిని

కుక్క విశ్వాసం గల జంతువు అని చిన్న తరగతుల్లో మనందరం వ్యాసం రాశాం. నాలుగు కాళ్ళు, ఒక తోక, ఇంటికి కాపలా కాస్తుంది, అంతే. కుక్కకు ఏం పెట్టాలో, ఏ వయసులో ఏ సూది వేయించాలో ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. ఇప్పుడు మనకు కావలసింది అదే. గేటు దగ్గర వాచ్‌మెన్ తాత గదికి లాబ్రడార్ పిల్ల వచ్చి మూడు వారాలైంది. తాత కొడుకు పట్నంలో కొన్నాడంట. అద్దె ఇంటి ఓనరు ఒప్పుకోలేదని ఇక్కడికి తెచ్చాడు. పట్నంలో దాని పేరు టైసన్. రంగు చూసి మనం ఉప్మా అంటున్నాం. తాత కూడా ఇప్పుడు అదే పేరుతో పిలుస్తున్నాడు.

ఇలాంటి కుక్కను పెంచడం తాతకూ మొదటిసారే, మనకూ మొదటిసారే. వార్డెన్ అమ్మగారి అనుమతి తీసుకుని తాత వెంట నేనూ, పదో తరగతి అక్క ఒకామె పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ డాక్టరు గారు చెప్పినవీ, సైన్సు మేడం చెప్పినవీ, లైబ్రరీ పుస్తకంలో చదివినవీ కలిపి రాస్తున్నాను.

మా ఊర్లో కుక్కను ఎవరూ పెంచరు, అదే పెరుగుతది. ఇప్పపువ్వు ఏరడానికి తెల్లారకముందే అడవికి పోతే మన ముందు నడుస్తది. ఎందుకంటే ఆ పువ్వు కోసం ఎలుగుబంటి కూడా వస్తది. రాత్రి మంచె కింద పడుకుని, చేనులోకి పందులొస్తే మొరుగుతది. మిగిలిన జావ పోస్తే తాగుతది, పోయకపోతే ఎలుకనో తొండనో పట్టుకుంటది. ఉప్మాకు అవేమీ రావు. మనం పెట్టిందే దాని తిండి. మనం తప్పు తిండి పెడితే తప్పు తిండే తింటది.

ఈ జాతి పేరు లాబ్రడార్ అయినా, దీని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ అనే దీవిలో జాలర్ల దగ్గర ఉండేవి. చల్లటి సముద్రంలో దూకి వలలు లాగేవి, జారిపోయిన చేపలను పట్టి తెచ్చేవి. 1800ల్లో వాటిని ఇంగ్లాండుకు తీసుకుపోయి ఈ జాతిని తయారుచేశారు. అందుకే ఉప్మా వేళ్ళ మధ్య చర్మం ఉంటది, వెంట్రుకలు రెండు పొరలుగా ఉంటాయి. మనం కంచాలు కడిగే కుళాయిల కింద అది పోయి కూర్చునేది కూడా అందుకే, అల్లరికి కాదు. చలిదేశం కుక్క కదా, ఎండ దానికి పడదు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. మధ్యాహ్నం పూట గ్రౌండులో దాన్ని పరుగెత్తించొద్దు. నీడ, గిన్నె నిండా నీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

ఇక తిండి సంగతి. ఇది బాగా వినండి. మనం నూట ఎనభై మందిమి ఉన్నాం. ఒక్కొక్కరు "పాపం" అని ఒక్కొక్క ముద్ద పెడితే రోజుకు నూట ఎనభై ముద్దలు. పోయిన వారం దానికి విరేచనాలు ఎందుకయ్యాయో లెక్క వేసుకోండి. అది తోక ఊపుతూ చూస్తది, ఆకలేసిందనుకుంటాం. లాబ్రడార్‌కు చాలు అనేది తొందరగా తెలియదు. 2016లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి యూనివర్సిటీ వాళ్ళు పరిశోధన చేస్తే, సుమారు నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి ఒక జన్యువులో చిన్న ముక్క లేదని తేలింది. కడుపు నిండిందని మెదడుకు తెలిపే పనిలో ఆ జన్యువు ఉంటదంట. కాబట్టి దాని చూపును నమ్మొద్దు.

రెండు మూడు నెలల పిల్లకు రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. ఆరు నెలల వరకు మూడుసార్లు, తర్వాత రెండుసార్లు చాలు. మెత్తగా వండిన అన్నం, ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన కోడిమాంసం, ఉడికిన గుమ్మడికాయ మంచివి. ఉప్పూ కారం వద్దు. పాలు మంచివని అందరం అనుకుంటాం గానీ చాలా పిల్లలకు పాలు అరగవు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పాడు చేస్తాయి. మన ఉప్మాలో ఉల్లిపాయ ఉంటది, సాంబారులో కూడా ఉంటది. పుట్టినరోజు చాక్లెట్ అసలు పెట్టొద్దు. అందులోని థియోబ్రోమిన్ అనే పదార్థం మనకు అరిగినంత తొందరగా కుక్కకు అరగదు, ఎక్కువైతే గుండె కొట్టుకోవడం పెరిగి చచ్చిపోవచ్చు. ద్రాక్ష, కిస్మిస్ కూడా విషమే. ఆదివారం చికెన్ ఎముకలు విసురుతున్నారు, అవి కూడా వద్దు. ఉడికిన ఎముక సూదుల్లాగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటది.

మొదటి వారం అది రాత్రంతా ఏడ్చిందని కొందరు విసుక్కున్నారు. తల్లినీ తోడబుట్టినవాటినీ వదిలి వచ్చింది, ఏడవదా మరి? మూడో తరగతిలో చేరినప్పుడు మనం ఎన్ని రాత్రులు ఏడ్చామో ఎవరికి వారికి తెలుసు. తాత తన పాత తువ్వాలు పరిచి మంచం పక్కనే పడుకోబెట్టాక తగ్గింది.

వరండాలో అది దొడ్డికి పోతుందని స్వీపరమ్మ కోపం చేస్తున్నది. ఆమె కోపం న్యాయమే. కుక్కపిల్ల నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే పోతది. ఆ మూడు వేళల్లో వేపచెట్టు వెనక ఒకే చోటుకు తీసుకుపోవాలి. అక్కడ పోతే మెచ్చుకోవాలి. వరండాలో పోయిందని కొట్టినా, ముక్కు నేలకు రాసినా దానికి అర్థం కాదు, మనల్ని చూసి భయపడడం మాత్రం నేర్చుకుంటది. దాని పేగుల్లో నులిపురుగులు ఉంటాయి, అవి తల్లి నుండే వస్తాయి. వాటి గుడ్లు మన చేతులకు అంటి మన కడుపులోకి కూడా పోతాయి. మనకు ఫిబ్రవరిలో, ఆగస్టులో మాత్ర ఇచ్చినట్టు, దానికి మూడు నెలలు నిండేవరకు రెండు వారాలకోసారి మందు తాగించాలి. దాన్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి.

పోయిన ఏడాది మా ఊర్లో ఒకరింట్లో కొని తెచ్చిన కుక్కపిల్ల మూడు రోజుల్లో చచ్చిపోయింది. వాంతులు, నెత్తురు విరేచనాలు. దిష్టి తగిలిందని ఎర్రనీళ్ళు తిప్పి పోశారు. ఆ లక్షణాలు చెప్తే డాక్టరు గారు అది పార్వో అయి ఉంటుంది అన్నారు. పార్వో వైరస్ జబ్బు. జబ్బు కుక్క దొడ్డికి పోయిన మట్టిలో ఆ వైరస్ నెలల తరబడి బతికి ఉంటదంట. దానికి ముందు జాగ్రత్త సూది ఉంది. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదటిది, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల వరకు వేయిస్తారు. ఉప్మాకు పట్నంలో ఒకటి, మొన్న ఒకటి పడ్డాయి. ఇంకా ఉన్నాయి. అవి పూర్తయ్యేదాకా దాన్ని గేటు దాటించి ఊరి కుక్కల మధ్యకు తీసుకుపోవద్దు. సెలవులకు ఇంటికి పోయి వచ్చినవాళ్ళు చెప్పులతో దాని గదిలోకి పోవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెప్తున్నాను. ఉప్మా కొరుకుతది. దాని నోట్లో 28 పాలపళ్ళు ముళ్ళలాగా ఉన్నాయి. నాలుగో నెల నుండి అవి ఊడి, ఏడో నెలకల్లా 42 పెద్ద పళ్ళు వస్తాయి. అప్పటిదాకా దొరికిందల్లా కొరుకుతది. అది కోపం కాదు, ఆట. కొరికితే ఆట ఆపేసి అటు తిరిగి నిలబడండి, చేతికి బదులు పాతబట్ట ముడేసి ఇవ్వండి.

అయితే గీరుకున్నవాళ్ళు చెప్పడం లేదు. చెప్తే ఉప్మాను పంపించేస్తారని లంగా కింద దాచుకుంటున్నారు. నాకు తెలిసి ఇద్దరున్నారు, పేర్లు రాయను. దానికి ఇంకా రేబిస్ సూది పడలేదు. చిన్నపిల్ల కదా అనుకోవద్దు, కుక్కపిల్లకు కూడా రేబిస్ రావచ్చు. ఆ జబ్బు లక్షణాలు మనిషిలో మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. మొదలవకముందు సూది వేయించుకుంటే ఆపొచ్చు. 1885లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ ఈ మందు మొదట ఇప్పించింది జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ అబ్బాయికి. అతన్ని కుక్క చాలాచోట్ల కరిచింది, అయినా బతికాడు.

పన్ను దిగినా, గీరుకున్నా వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. తర్వాత వార్డెన్ అమ్మగారికి చెప్పి ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి, అక్కడ డబ్బులు తీసుకోరు. మన అమ్మమ్మలు చెప్పే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు ఇప్పుడు లేవు. చేతికే వేస్తారు, మొదలుపెట్టిన రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. కొన్నిచోట్ల 14వ రోజు కూడా వేస్తారు. మధ్యలో సెలవులొచ్చినా మానకూడదు.

వార్డెన్ అమ్మగార్లకు ఒక మనవి. వచ్చి చెప్పిన పిల్లను దయచేసి తిట్టకండి. తిడితే రెండో పిల్ల చెప్పదు. ఉప్మాను ఉంచాలా పంపాలా అనేది మీ ఇష్టం, కానీ పంపించినా ఇప్పటికే గీరుకున్నవాళ్ళకు సూదులు అవసరమే.

ఉప్మాకు వచ్చే నెల మొదటి వారంలో మూడు నెలలు నిండుతాయి, అప్పుడు రేబిస్ సూది వేయిస్తారు. డాక్టరు గారు చెప్పినప్పుడు రెండోసారి, తర్వాత ఏడాదికోసారి. దాని కార్డు తాత గది తలుపుకు అంటించి ఉంది, ఎవరైనా చూడొచ్చు. తిండి వేళలు పొద్దున ఆరున్నర, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం నాలుగున్నర, రాత్రి ఎనిమిది. పెట్టేది తాత ఒక్కడే.