ఒంటి స్క్రూ మీద తిరగలి

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి వెళ్తుంది. చలికాలం తెల్లవారుజామున ఆ గట్టు మీద నిలబడితే, అరకిలోమీటరు అవతల మోకాల్లోతు నీళ్లలో ఫ్లెమింగోలు బారులు తీరి కనిపిస్తాయి. మనవాళ్లు వాటినే రాజహంసలంటారు. బైనాక్యులర్‌లో అవి గులాబీ రంగు గీతలాగే ఉంటాయి. వాటి కాళ్ల మధ్య తిరుగాడే చిన్న పిట్ట ఏదో పోల్చుకోవాలన్నా, ఏ కాలికైనా గుర్తు కోసం తొడిగిన రింగు ఉందేమో చూడాలన్నా స్పాటింగ్ స్కోప్ ఉండాల్సిందే. ఒంటికన్నుతో చూసే ఈ దుర్భిణి దూరపు వస్తువును 20 నుంచి 60 రెట్లు పెంచి చూపిస్తుంది. పెద్దవి కిలోన్నర, రెండు కిలోల దాకా తూగుతాయి. చేత్తో పట్టుకుని చూసే పని కాదు. అడుగున ఒక ప్లేటు బిగించి, ఆ ప్లేటును ట్రైపాడ్ తలలోకి, అంటే హెడ్‌లోకి, ఎక్కించాలి.

బిగించడంలోనే ఉంది తిప్పలంతా. కొత్తలో నేను ఉదయం ఎంత గట్టిగా బిగించినా ఎండెక్కేసరికి స్కోప్ ప్లేటు మీద అటూ ఇటూ ఊగేది. ట్రైపాడ్‌ది లోపమనుకుని ఇంకాస్త బరువైనది కొన్నాను. డబ్బు పోయింది, ఊగుడు పోలేదు.

ఈ స్కోప్ మన చేతి వణుకునూ 60 రెట్లు పెంచుతుంది, బిగింపులోని వదులునూ 60 రెట్లు పెంచుతుంది. లెక్క చిన్నదే. బిగించిన చోటు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గొట్టం కొస ఒక కాగితం మందమంత, అంటే 0.1 మిల్లీమీటరు, పక్కకు జరిగిందనుకోండి. 500 మీటర్ల దూరంలో మన చూపు దాదాపు 17 సెంటీమీటర్లు జరిగిపోతుంది. లిటిల్ స్టింట్ అనే పిట్ట ముక్కు నుంచి తోక దాకా కొలిచినా అంత ఉండదు. ఒక్కసారి జరిగి ఆగిపోతే ఇబ్బంది లేదు, మళ్లీ సరిచూసుకుంటాం. గాలికి క్షణం క్షణం ముందుకీ వెనక్కీ జరుగుతుంటే మాత్రం రింగు మీది అక్షరం చదవడం కలలో మాట.

ఇంతకీ ఆ స్కోప్‌ను పట్టి ఉంచేది ఏమిటి? ఒకే ఒక్క స్క్రూ. పావు అంగుళం లావు, అంగుళానికి 20 మరలు. మిల్లీమీటర్లలో చెబితే 6.35 లావు, ఒక చుట్టుకు 1.27 లోపలికి దిగుతుంది. మీటర్లూ సెంటీమీటర్లూ అలవాటై ఇన్నేళ్లయినా కెమెరాల, స్కోప్‌ల అడుగున మాత్రం అంగుళం కదల్లేదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1841లో మరల కొలతలకు ఒక పద్ధతి ప్రతిపాదించాడు. పావు అంగుళానికి 20 మరలనే లెక్క అందులోదే. బరువైన సామానుకు 3/8 అంగుళాల స్క్రూ కూడా వాడతారు.

స్క్రూ స్కోప్‌ను కిందికి గుంజి ప్లేటుకు అదుముతుంది. పైకి లేవకుండా చూసే పనిలో దాన్ని మించింది లేదు. కానీ తన చుట్టూ తిరగకుండా ఆపలేదు. మన ఇళ్లలో ఒకప్పుడు ఉన్న తిరగలిని గుర్తు చేసుకోండి. మధ్యలో ఒకే ఇరుసు, అంచున పిడి. అంత బరువు రాయిని పిల్లలు కూడా తిప్పేసేవాళ్లు. పిడి ఇరుసుకు దూరంగా ఉండటమే కిటుకు. స్కోప్ గొట్టం కూడా అలాంటి పిడే. స్క్రూకు 20 సెంటీమీటర్ల దూరంలో మనం కిలో బరువంత ఒత్తిడితో తోస్తే, స్క్రూకు 2 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ప్లేటు అంచు దగ్గర దాన్ని ఆపడానికి పది కిలోల బరువంత రాపిడి కావాలి. ఆ రాపిడి బిగింపు వల్లే పుట్టాలి. ప్లేటు మీద రబ్బరో కార్కో అతికించి ఉంటే మరీ కష్టం. బిగించినప్పుడు నొక్కుకుని గట్టిగానే అనిపిస్తుంది. కాసేపటికి మెత్తబడి జారుతుంది. బరువైన స్కోప్‌కు లోహం మీద లోహం ఆనడమే మేలని నా అనుభవం.

ఇంకో గమ్మత్తు చాలా ఆలస్యంగా గమనించాను. నా స్కోప్ ఎడమవైపు ఎగిరే గుంపుల వెంట తిప్పినప్పుడే వదులయ్యేది. కుడివైపు తిప్పితే కాదు. స్క్రూ కింద నుంచి పైకి ఉంటుంది కాబట్టి, స్కోప్ దాని మీద సీసా మూతలాంటిది. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది, ఎదురు తిప్పితే ఊడుతుంది. నేను హెడ్‌కున్న పిడి పట్టకుండా గొట్టాన్నే పట్టుకుని తోసేవాణ్ని. అంటే పక్షుల వంకన రోజంతా మూత విప్పుతూ కూర్చున్నానన్నమాట!

ప్లేటుకు మరమ్మతు చేయిద్దామని ఊళ్లో లేత్ పనిచేసే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తిప్పి చూసి, "రెండో చోట పట్టు లేకపోతే తిరక్క ఏం చేస్తది సార్?" అన్నాడు. స్కోప్ పాదం మీద గోరంత గుంట చూపించి, "ఇది ఎందుకు ఇచ్చినాడో చూసినారా?" అని అడిగాడు. అన్నేళ్లూ ఆ గుంట నా కంటపడలేదు. వీడియో కెమెరాల ప్లేట్లలో స్క్రూ పక్కనే స్ప్రింగు మీద నిలబడే చిన్న పిన్ను ఉంటుంది. అది దూరడానికే ఆ గుంట. ఇరుసు పక్కన ఇంకో మేకు దిగితే తిరగలి ఇక తిరగదు. రాపిడి మీద ఆధారపడాల్సిన పని లేకుండా పిన్నే అడ్డం నిలుస్తుంది. నా ప్లేటుకు పిన్ను లేదు. ఆయన రంధ్రం వేసి ఉక్కు పిన్ను దిగగొట్టాడు. స్క్రూ మాత్రం రూపాయి బిళ్లతో బిగించేదే, అలాగే ఉంచాడు.

స్క్రూ పొడవు కూడా ఒకసారి చూసుకోవాలి. మరీ పొడుగ్గా ఉంటే ప్లేటు ఆనకముందే కొస వెళ్లి స్కోప్ పాదంలోని మరల రంధ్రం అడుగున తగులుతుంది. బిళ్ల ఇక తిరగదు, బిగిసిందని మనం మోసపోతాం.

ప్లేటును హెడ్‌లోకి ఎక్కించడం ఇంకో అంకం. ఆర్కా అనే రకం ప్లేట్లకు పక్క అంచులు వాలుగా ఉంటాయి. హెడ్ దవడలు దగ్గరైన కొద్దీ ప్లేటు కిందికి నొక్కుకుంటుంది. ఈ ప్లేట్ల వెడల్పు ఒక్కో తయారీదారుకు పిసరంత తేడా ఉంటుంది కాబట్టి, మీటతో ఒక్క దెబ్బకు మూసే దవడల కంటే నాబ్ తిప్పి బిగించే దవడలే నాకు నమ్మకం. పొడవాటి ప్లేటైతే ముందుకూ వెనక్కూ జరిపి తూకం చూసుకోవచ్చు. చేయి వదిలినా స్కోప్ తల వాల్చకుండా ఉంటే తూకం కుదిరినట్టు. ఫొటోల కోసం ఫోను తగిలించినప్పుడు వెనక బరువు పెరుగుతుంది, మళ్లీ జరపాలి. ఎక్కించాక ఒకసారి పైకి గుంజి చూడందే నేను చేయి వదలను. సగం మూసిన మీటను నమ్మి ఒకసారి స్కోప్‌ను గట్టు రాళ్ల మీద వేసుకున్నాను.

ఇప్పుడు సరస్సు దగ్గరికి వెళ్లగానే గొట్టాన్ని వేలితో చిన్నగా తట్టి, బొమ్మ ఎంతసేపటికి నిలుస్తుందో లెక్కపెడతాను. ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లాగితే ఆ లెక్క పెరుగుతుంది. కిందికి దించి సంచి వేలాడదీస్తే తగ్గుతుంది. పిన్ను వేయించాక అది బాగా తగ్గింది. అయినా శ్రీహరికోట బస్సు వచ్చిందంటే గట్టే కదులుతుంది, దాంతో పాటు నా ఫ్లెమింగోలన్నీ నీళ్లలో గంతులేస్తాయి. బస్సు దాటిపోయేదాకా ఆగి, మళ్లీ కన్ను ఆనిస్తాను.