మిరుగం నాటి చేపల పండుగ: సముద్రం లేని జిల్లాల్లో జలపుష్పాల సందడి

కరీంనగర్: రోహిణి కార్తె ఎండలు ముగిసి మృగశిర కార్తె ప్రవేశించే రోజున ఉత్తర తెలంగాణలో చేపల కూర వండని మాంసాహారుల ఇల్లు అరుదుగా కనిపిస్తుంది. ప్రతి ఏటా జూన్ 7 లేదా 8వ తేదీన వచ్చే ఈ దినాన్ని పల్లె ప్రజలు మిరుగం అని పిలుచుకుంటారు. ఆ రోజు తెల్లవారకముందే కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ పట్టణాల చేపల మార్కెట్లు కిక్కిరిసిపోతాయి. తీర నగరాల్లో ఆహ్వాన పత్రికలతో, వేదికలతో జరిగే మత్స్య ఉత్సవాలకు దీటైన సందడి, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ జిల్లాల్లో ఎవరి ఆహ్వానమూ లేకుండానే తరతరాలుగా సాగుతున్నది.

మృగశిర ప్రవేశంతో వాతావరణం ఒక్కసారిగా చల్లబడుతుందని, ఆ మార్పును తట్టుకొనేందుకు శరీరానికి వేడి అవసరమని, ఆ వేడిని చేప ఇస్తుందని పెద్దల విశ్వాసం. చేప తిననివారు ఇంగువ కలిపిన బెల్లాన్ని ఉండగా చేసి నోట వేసుకుంటారు. ఇరవై ఏడు నక్షత్రాల పేరిట కార్తెలను లెక్కించుకొని దుక్కులు, విత్తనాలు, నాట్లు నిర్ణయించుకునే రైతుకు మిరుగం వ్యవసాయ సంవత్సరానికి ముంగిలి వంటిది. విత్తనం వేయబోయే ముందు ఇంటిల్లిపాదీ కడుపునిండా తినే భోజనంగా కూడా దీనిని చూడవచ్చును. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం వారు పంపిణీ చేసే చేప ప్రసాదం ఈ రోజుల్లోనిదే. కొవిడ్ కారణంగా కొన్నేళ్లు నిలిచిపోయిన ఆ పంపిణీ 2023లో తిరిగి ప్రారంభమైన సంగతి విదితమే. అందుకు అవసరమైన కొర్రమీను పిల్లలను మత్స్యశాఖ సమకూరుస్తుంది. ఉబ్బసానికి అది మందుగా పనిచేస్తుందనడానికి శాస్త్రీయ నిరూపణ లేదు కనుక, వార్తలు రాసేటప్పుడు ప్రసాదం అన్న మాటకే పరిమితం కావడం ఉచితం.

తీరానికీ ఈ జిల్లాలకూ ఉన్న ఒక ముఖ్యమైన తేడాను పాత్రికేయ మిత్రులు గమనించవలసి ఉన్నది. తూర్పు తీరంలో యాంత్రిక పడవలతో సముద్ర వేటపై ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం అమలులో ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టి సంతతిని వృద్ధి చేసుకునేందుకు ఇచ్చే విరామమిది. మిరుగం సరిగ్గా ఈ నిషేధం ముగియడానికి వారం ముందు వస్తుంది. అనగా, తెలంగాణ అంతటా చేపకు గిరాకీ పతాక స్థాయికి చేరే రోజున విశాఖపట్నంలోనూ, కాకినాడలోనూ మరపడవలు లంగరు వేసి ఉంటాయి. సముద్రపు చేప అరుదవుతుంది. ఆ గిరాకీ భారమంతా చెరువు చేప మీద, జలాశయపు చేప మీద పడుతుంది.

చెరువుల స్థితి కూడా ఇందుకు అనుకూలంగానే ఉంటుంది. వానాకాలం చివర వదిలిన చేప పిల్లలు శీతకాలమంతా పెరిగి వేసవికి చేతికి వస్తాయి. మార్చి నుంచి నీరు తగ్గుతున్న కొద్దీ వలలకు పని పెరుగుతుంది. కొత్త నీరు రాకముందే చెరువును ఖాళీ చేసుకోవాలని మత్స్య సహకార సంఘాలు తొందరపడతాయి. ఆ తొందరకు చివరి రోజులు మిరుగం రోజులే. మంచి ధర వచ్చేదీ అప్పుడే.

మార్కెట్‌ను చూడదలచినవారు సూర్యోదయానికి ముందే వెళ్లడం మంచిది. నీటి తొట్లలో కొర్రమీనులు ప్రాణంతో కదులుతుంటాయి. ఇది గాలి పీల్చగల చేప కావడం వల్ల కొద్దిపాటి నీటిలోనూ బతికి ఉంటుంది. అందుకే దీనిని బతికుండగానే అమ్ముతారు, ధర కూడా మిగతావాటికంటె ఎంతో హెచ్చుగా పలుకుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప కూడా ఇదే. ముళ్లు తక్కువ కనుక పిల్లలకు, వృద్ధులకు పెట్టదగినది. పక్కనే బొచ్చె, రవ్వ, బంగారుతీగ కుప్పలు; అక్కడక్కడా వాలుగ, జెల్లలు; సన్నకారు కుటుంబాలు కొనుక్కునే పరకలు. కొన్నవారు చేపను తీసుకొని మరో వరుసకు వెళతారు. అక్కడ కత్తిపీటల ముందు కూర్చున్నవారు పొలుసు తీసి, ముక్కలు కోసి ఇస్తారు. వీరిలో స్త్రీలు ఎక్కువ. ఆ రోజు వీరికి తల ఎత్తి చూసే తీరిక ఉండదు.

వంట సంగతికి వస్తే, చింతపండు పులుసులో మెంతులు, ధనియాలు, ఎల్లిపాయ నూరి వేసి మట్టి చట్టిలో ఉడికించిన చేపల పులుసు వండిన రోజు కంటె మరుసటి రోజు మరింత రుచిగా ఉంటుందనేది అందరూ ఎరిగిన విషయమే. ఆ ఋతువులో దొరికే పచ్చి మామిడి ముక్కలు వేసేవారూ ఉన్నారు. ఆదిలాబాద్ వైపు జొన్నరొట్టెతో తింటారు. వారపు సంతలలో దొరికే ఎండు రొయ్యలు మాత్రం తీరం నుంచి వచ్చినవే. చింతచిగురుతో వాటిని వండిన కూర తిన్నవారికి, సముద్రం ఇక్కడికి అంత దూరమేమీ కాదనిపిస్తుంది. ఇక నిర్మల్ దారిలో ప్రయాణించేవారికి పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ చేపల వేపుడు చిరపరిచితం.

ఈ చేప ఎక్కడిది అన్న ప్రశ్నకు సమాధానం మన నీటి వనరులలో ఉన్నది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబర్ 11న పునర్వ్యవస్థీకరణ చెందినప్పటికీ నీటి వ్యవస్థ ఒక్కటే. 1963లో పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్, మానేరు నదిపై కరీంనగర్ పట్టణాన్ని ఆనుకొని 24 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన దిగువ మానేరు, మధ్య మానేరు, ఎల్లంపల్లి, కడెం, స్వర్ణ, సాత్నాల జలాశయాలు, వాటికి తోడు వేలాది గ్రామ చెరువులు. తుమ్మిడిహట్టి వద్ద వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మారి, కాళేశ్వరం వద్ద గోదావరిని చేరుతాయి. సాధారణంగా చెరువులను మత్స్య సహకార సంఘాలకు లీజుకు ఇస్తారు. పెద్ద జలాశయాలలో లైసెన్సు పొందిన మత్స్యకారులు వేట సాగిస్తారు. గంగపుత్రులు, ముదిరాజులు ప్రధానంగా ఈ వృత్తిపై ఆధారపడినవారు.

అయితే నీరు ఉన్నంత మాత్రాన చేప ఉండదు. బొచ్చె, రవ్వ, మృగాల వంటి పెద్ద జాతులు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద కావాలి, పారే నీరు కావాలి. 1957లో ఒడిశాలోని కటక్‌లో హీరాలాల్ చౌధురి ఆధ్వర్యంలో శాస్త్రవేత్తలు పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతుల చేత గుడ్లు పెట్టించగలిగారు. ఆ జూలై 10వ తేదీనే నేడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ విజయమే లేకుంటే గ్రామ చెరువులలో ఏటా పిల్లలను వదలడం సాధ్యమయ్యేది కాదు. 2016లో తెలంగాణ ప్రభుత్వం నూరు శాతం రాయితీపై చేప పిల్లల పంపిణీని ప్రారంభించింది. వేసవికి ఎండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడుగునా నీరుండే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను నిర్ణయించారు. చిన్న పిల్లను పెద్ద జలాశయంలో వేస్తే అది వాలుగకు, కొర్రమీనుకు ఆహారమవుతుందే తప్ప మత్స్యకారుని వలకు చిక్కదు. నీలకంఠ రొయ్య సంగతి మరీ విచిత్రం. దాని పిల్లలు తొలి దశలో ఉప్పు కలిసిన నీటిలోనే బతుకుతాయి కనుక, దానినీ హేచరీ నుంచి తెచ్చి వదలవలసిందే.

రాష్ట్ర అవతరణ దశాబ్ది ఉత్సవాలలో భాగంగా 2023 జూన్ 8, 9, 10 తేదీలలో జిల్లా కేంద్రాలలో ఫిష్ ఫుడ్ ఫెస్టివల్ నిర్వహించాలని ప్రభుత్వం సంకల్పించినప్పుడు, ఆ తేదీలను మిరుగానికి ముడిపెట్టడం సముచితమైన ఆలోచన. జనం ఎలాగూ చేప కోసం బయలుదేరే రోజులవి. ఇటువంటి ఉత్సవం వల్ల సిద్ధించే ప్రయోజనం వంటకాల సంఖ్యలో లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. పచ్చి చేప అమ్మిన మత్స్యకారునికి దక్కే ధరకూ, అదే చేపను వేపుడుగానో, ముల్లు తీసిన ముక్కగానో, పచ్చడిగానో అమ్మిన కుటుంబానికి దక్కే ధరకూ గల తేడాలో ఉన్నది. బొచ్చె, రవ్వ కండలో సన్నని ముళ్లు ఉండడం వల్ల పట్టణాలలోని అనేక కుటుంబాలు ఆ చేపలకు దూరమవుతున్నాయి. ముల్లు తీసి అమ్మే విద్య మత్స్యకార మహిళల చేతికి వస్తే, మిరుగం ఒక్కరోజు గిరాకీ ఏడాదికి విస్తరించే అవకాశమున్నది. 2020 సెప్టెంబర్‌లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో విక్రయ కేంద్రాలకు, శీతల రవాణాకు తోడ్పాటు కల్పించడంలోని ఉద్దేశమూ ఇదే.

ఇక్కడ ఒక అసౌకర్యమైన వాస్తవాన్ని దాటవేయరాదు. మన జలాశయాలలో పట్టిన పెద్ద చేపలో గణనీయమైన భాగం మధ్యవర్తుల ద్వారా మంచు పెట్టెలలో ఇతర రాష్ట్రాలకు తరలిపోతున్నది. అదే సమయంలో కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చెరువుల చేప లారీలలో మన మార్కెట్లకు వస్తున్నది. సముద్ర వేట నిషేధం ఆ సాగు చెరువులకు వర్తించదు. కనుక మిరుగం నాడు కరీంనగర్ వాసి కొన్న చేప మానేరుదో, కొల్లేరు పరిసరాలదో చూడగానే చెప్పడం కష్టం. తీర ప్రాంతపు రైతు పండించిన చేపను తక్కువ చేయడం ఉద్దేశం కాదు. వేట ముందే అప్పు తీసుకొని, వల, తెప్ప ఖర్చులకు మధ్యవర్తికి కట్టుబడిన మత్స్యకారుడు ఏడాదిలో అత్యధిక ధర పలికే రోజున కూడా ముందే కుదిరిన ధరకు సరుకు అప్పగించవలసి వస్తున్నదా అన్నది అధికారులు, విలేకరులు మార్కెట్‌లో అడిగి తెలుసుకోవలసిన ప్రశ్న. ఉత్సవ ప్రాంగణంలో అమ్మకందారుల జాబితాలో స్థానిక సంఘాల పేర్లు ఎన్ని, వారు తెచ్చిన చేప ఏ చెరువుది అని అడిగినా విషయం బోధపడుతుంది.

చేప తాజాదనాన్ని గురించి కూడా రెండు మాటలు. కళ్లు ఉబ్బి మెరుస్తూ, మొప్పలు ఎర్రగా, వేలితో నొక్కిన కండ వెంటనే పైకి లేస్తూ ఉంటే అది మంచి చేప. దూర ప్రాంతాల నుంచి వచ్చే సరుకులో ఫార్మలిన్ వాడుతున్నారన్న ఆందోళన 2018లో దేశవ్యాప్తంగా చెలరేగి, అస్సాం ప్రభుత్వం ఇతర రాష్ట్రాల చేపను కొన్నాళ్లు నిషేధించిన విషయం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. దగ్గరి చెరువు చేపకు ఆ అవసరమే రాదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం దేశంలో నిషిద్ధం. స్థానిక జాతులను మింగివేసే ఈ చేప చౌకగా దొరుకుతున్నదని పండుగ పేరిట అమ్మకానికి పెట్టడం చట్టవిరుద్ధం.

ఐర్లండ్‌లోని గాల్వే నగరంలో 1954 నుంచి ప్రతి సెప్టెంబరులో ఆల్చిప్పల పండుగ జరుగుతున్నది. వేసవిలో ఆల్చిప్పలు సంతతిని వృద్ధి చేసుకున్న తరువాత, వాటి వేటకు తిరిగి అనుమతి లభించే వేళ ఆ పండుగ చేస్తారు. మన మిరుగం ఇందుకు విరుద్ధమైన కాలంలో వస్తుంది. తొలి వరద దిగగానే, చెరువు మత్తడి దుంకగానే తల్లి చేపలు ఎదురెక్కుతాయి. కొర్రమీను తన పిల్లల గుంపును వెన్నంటి కాస్తూ తిరుగుతుంది; ఆ సమయంలో దానిని పట్టడమంటే వందలాది పిల్లలను దిక్కులేకుండా చేయడమే. మత్తడి దగ్గర వల పట్టి ఎదురెక్కే చేపను పట్టుకునే అలవాటు అనేక గ్రామాలలో సరదాగా సాగుతున్నది. దొరికిన చేప కడుపునిండా గుడ్లే ఉంటాయి. మిరుగం భోజనం ముగిసిన తరువాత కొద్ది వారాలు వలలు ఒడ్డున ఆరాలని సంఘాలు తీర్మానించుకున్న చోట, ఆ కట్టుబాటును వార్తగా రాయడం ఉత్సవ ప్రారంభోత్సవ వార్త కంటె ఏమాత్రం తక్కువ కాదు.

చెరువులలోకి నీరు చేరిన తరువాత, సాధారణంగా ఆగస్టు నుంచి, ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచులలో చేప పిల్లలు గట్టుకు చేరుతాయి. సంఖ్య తగ్గిందని, నిర్ణయించిన పరిమాణం లేదని ఫిర్యాదులు పత్రికలలో వస్తున్నవే. సంచిని విప్పి, కొన్నింటిని కొలతపై ఉంచి, మొత్తం లెక్కించి, సంఘం సభ్యుల సంతకాలు తీసుకున్న తరువాతనే నీటిలోకి వదలవలసి ఉంటుంది. మరుసటి ఏడు మిరుగం నాటికి మార్కెట్‌కు వచ్చే చేప ఎంతో ఆ గట్టు మీదనే తేలుతుంది కనుక, మండల అధికారులతో పాటు స్థానిక విలేకరులు కూడా ఆ ఉదయం అక్కడ ఉండడం ఉపయుక్తం.