చెయిన్ రంపాల ఇంజిన్లు: పోలిక ఎక్కడ, తేడా ఎక్కడ

చెయిన్ రంపం మోడళ్ల మధ్య అసలు తేడా ఇంజిన్‌లో ఉంటుంది. పైన బాడీ, పిడి, స్టార్టర్ తాడు ఒకేలా కనిపించినా, లోపల సిలిండర్ వ్యాసం, పిస్టన్ నడిచే దూరం, గాలీ పెట్రోలూ వెళ్లే దారులు మారితే మిషన్ చేయగల పనే మారిపోతుంది. నిజాంసాగర్ కాలువ కింద వర్ని, మోస్రా, బోధన్ పల్లెల్లో గట్ల మీది తుమ్మలను, చింతలను ఒకప్పుడు ఇద్దరు మనుషులు చెరో పక్కన కూర్చుని రంపం లాగి కోసేవారు. ఇప్పుడు ఒక్కరే పెట్రోలు మిషన్‌తో కోస్తున్నారు. ఊళ్లో పొలానికి మిషన్ కొనిచ్చే ప్రవాసులకూ, అమెరికాలో పెరటి చెట్ల కోసం కొనుక్కునేవారికీ ఈ లోపలి లెక్కలు తెలిస్తే డబ్బు వృథా కాదు.

బోరు, స్ట్రోకు

సిలిండర్ లోపలి వ్యాసం బోరు. పిస్టన్ పై నుంచి కిందికి నడిచే దూరం స్ట్రోకు. ఈ రెండింటిని బట్టే సీసీ వస్తుంది. జర్మన్ కంపెనీ స్టిల్ తయారుచేసిన ఎంఎస్ 210, 230, 250 చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. 210లో బోరు 40 మి.మీ., స్ట్రోకు 28 మి.మీ.; మొత్తం 35.2 సీసీ. 230లో బోరు అదే, స్ట్రోకు మాత్రం 32, అందుకే 40.2 సీసీ. 250లో స్ట్రోకు 32గానే ఉండి బోరు 42.5కు పెరిగింది, 45.4 సీసీ. శక్తి వరుసగా 1.6, 2.0, 2.3 కిలోవాట్లు. బోరు 40 నుంచి 42.5కు పెరగడం చూపుకి తక్కువే అనిపిస్తుంది. కానీ వ్యాసం వర్గాన్ని బట్టి వైశాల్యం పెరుగుతుంది కాబట్టి సీసీ దాదాపు 13 శాతం ఎక్కువవుతుంది. అందుకే 250 పిస్టన్ 230 సిలిండర్‌లో పట్టదు. బాడీని చూసి స్పేర్ పార్టు తెస్తే అది పనికిరాకుండా పోతుంది.

ఒకే సీసీ, వేరే శక్తి

సీసీ ఒక్కటే చూసినా సరిపోదు. స్వీడన్ కంపెనీ హస్క్‌వర్నా పాత 365లో బోరు 48, స్ట్రోకు 36, 65.1 సీసీ. దాని తోటి మోడల్ 372 ఎక్స్‌పీలో బోరు 50, 70.7 సీసీ. తర్వాత వచ్చిన ఎక్స్‌టార్క్ రకంలో 365కు కూడా 50 మి.మీ. బోరే ఇచ్చారు. సీసీ సమానమైనా 365 శక్తి 3.6 కిలోవాట్లు, 372ది 4.1. క్రాంక్‌కేసు (పిస్టన్ కింది గది) నుంచి సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు మిక్స్చర్‌ను పంపే పక్క దారులను 365లో సన్నగా ఉంచడం దీనికి ముఖ్య కారణం. దారి ఇరుకైతే ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్‌కు ఊపిరి అందదు.

పాత పద్ధతి, కొత్త పద్ధతి

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో వాల్వులు ఉండవు. సిలిండర్ గోడలోని రంధ్రాలను పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. కాలిన పొగ బయటికి పోయేటప్పుడు కొంత తాజా మిక్స్చర్ కూడా కాలకుండానే దానితో పాటు పోతుంది. కొత్త ఇంజిన్లలో ముందుగా ఒట్టి గాలి ప్రవేశించి పొగను నెడుతుంది, ఆ వెనుక మిక్స్చర్ వస్తుంది. ఎంఎస్ 250 పాత పద్ధతిది, 251 కొత్త పద్ధతిది. 251లో బోరు 44, స్ట్రోకు 30, 45.6 సీసీ, 2.2 కిలోవాట్లు. పెట్రోలు 20 శాతం దాకా ఆదా అవుతుందని కంపెనీ చెబుతుంది. బదులుగా బరువు కాస్త పెరుగుతుంది.

ఇంజిన్ కట్టుడు

ఎంఎస్ 250, 260 రెండింటి స్ట్రోకూ 32 మి.మీ.లే. 260 బోరు 44.7, సీసీ 50.2. పెద్ద తేడా కట్టుడులో ఉంది. 250లో సిలిండర్ అడుగే క్రాంక్‌కేసు పై సగం. కింద మూత బిగించి, ఆ ఇంజిన్‌ను ప్లాస్టిక్ బాడీలో కూర్చోబెడతారు. 260లో మెగ్నీషియం క్రాంక్‌కేసు నిలువుగా రెండు భాగాలు, దాని మీద సిలిండర్ నాలుగు బోల్టులతో నిలుస్తుంది. పిస్టన్ పట్టేస్తే 260లో ఆ నాలుగు బోల్టులు విప్పితే చాలు. 250లో ఇంజిన్ మొత్తం బయటికి తీయాలి. రోజంతా కోత పని చేసే కూలీలకు 260 రకం కట్టుడే మేలు.

చట్టం గీసిన గీతలు

కొన్ని సైజులు అలా ఉండటానికి చట్టాలు కూడా కారణం. అమెరికాలో చేతితో పట్టే ఇంజిన్ల పొగ పరిమితి 50 సీసీ దగ్గర మారుతుంది. అంతకంటే చిన్నవాటికి నియమం కఠినం. కాలిఫోర్నియాలో 2024 మోడల్ సంవత్సరం నుంచి కొత్త చిన్న పెట్రోలు ఇంజిన్ల అమ్మకానికి అడ్డు వచ్చింది. అయితే 45 సీసీ, ఆ పైన ఉన్న చెయిన్ రంపాలు ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి కనుక వాటికి ఇది వర్తించదు.

ఎండ, ఆయిల్, పెట్రోలు

నిజామాబాద్ మే ఎండకు గాలి పల్చబడుతుంది. ఆ వేడిలో కార్బురేటర్ స్క్రూ తిప్పి సరిచేసిన మిషన్‌కు డిసెంబర్ చలి పొద్దున గాలి చిక్కనై పెట్రోలు పాళ్లు తగ్గుతాయి, ఇంజిన్ వేడెక్కుతుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కూడా ఇదే పని చేస్తుంది, పైగా తేమను లాక్కుంటుంది. అందుకే ఆ మోడల్ మాన్యువల్ ఎంత ఇథనాల్‌కు ఒప్పుకుంటుందో చూసుకోవాలి. మిషన్‌ను మూల పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేయాలి. పెట్రోలులో కలిపే టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ పాలు సాధారణంగా 50కి 1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఆయిల్ కలపని పెట్రోలు పోస్తే పిస్టన్ సిలిండర్‌ను గీకేసి పట్టేస్తుంది.

ఏ చెట్టుకు ఏది

కొమ్మలు కొట్టడానికి, సన్న వేప, సుబాబుల్ కోతకు 30.1 సీసీ ఎంఎస్ 170 లేదా 31.8 సీసీ 180 సరిపోతుంది. వీటి బోరులో తేడా ఒక్క మిల్లీమీటరే. పొలం గట్టు తుమ్మకు 45 సీసీ కావాలి. మాంసం కొట్టే మొద్దులకు వాడే చేవ గల చింతకు 72.2 సీసీ ఎంఎస్ 381 వంటిది తగును. దాని శక్తి 3.9 కిలోవాట్లు. చిన్న ఇంజిన్‌కు పొడవు బ్లేడు బిగిస్తే చెయిన్ వేగం పడిపోతుంది. అప్పుడు మనిషి బలంగా నొక్కుతాడు, ప్రమాదం అక్కడే మొదలవుతుంది. కొనే ముందు మోడల్ నంబరుతో పాటు బోరు, స్ట్రోకు, కిలోవాట్లు, కట్టుడు, ఈ నాలుగూ అడిగి తెలుసుకోవాలి. మిషన్‌తో పాటు హెల్మెట్, కళ్లద్దాలు, కాళ్లకు రక్షణ ప్యాంటు కొనాలి. చెట్టు కొట్టే ముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి అవసరమా అన్నది అధికారుల దగ్గర తేల్చుకోవాలి.