ఒక్క డివిజన్ రిజల్ట్ ఏం చెప్తుంది? ఏం చెప్పదు? పురానాపూల్ నుంచి ఒక లెక్క

జీహెచ్ఎంసీ ఓట్ల లెక్కింపు రోజు సాయంత్రం మీ ఫోన్‌కి ఒక మ్యాప్ వస్తుంది. సిటీ మొత్తం రంగులు. ఇక్కడ గులాబీ, అక్కడ కాషాయం, పాతబస్తీ అంతా ఆకుపచ్చ. కింద ఒక లైన్: "ప్రజలు తీర్పు ఇచ్చేశారు." ఆ మ్యాప్‌ని ఎలా చదవాలి? ఈ రోజు ఎపిసోడ్ అదే.

ముందు పురానాపూల్ వెళ్దాం. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో మూసీ మీద కట్టిన వంతెన, దాని పేరు మీదే డివిజన్. 2016 ఫిబ్రవరి 2న గ్రేటర్ పోలింగ్ జరిగింది. పాతబస్తీలో గొడవలయ్యాయి. ఎన్నికల సంఘం పురానాపూల్‌లో ఫిబ్రవరి 5న రీపోలింగ్ పెట్టింది. ఇక్కడ గమనించండి, మిగతా సిటీ ఓట్ల లెక్కింపు కూడా ఆ రోజు రీపోలింగ్ అయ్యాకే, సాయంత్రం మొదలుపెట్టారు.

ఒక్క డివిజన్ కోసం సిటీ అంతా ఎందుకు ఆగాలి? ఎందుకంటే రిజల్ట్ అనేది వట్టి సమాచారం కాదు, అది ఓటుని కదిలిస్తుంది. "ఫలానా పార్టీ గెలిచేసింది" అని తెలిశాక లైన్‌లో నిలబడితే, కొందరు గెలిచే వైపు పోతారు, కొందరు "ఇంకెందుకులే" అని ఇంటికి పోతారు. 2020లో కూడా ఇంతే. ఓల్డ్ మలక్‌పేటలో బ్యాలెట్ మీద సీపీఐ గుర్తుకి బదులు సీపీఎం గుర్తు అచ్చయింది. డిసెంబర్ 3న రీపోలింగ్ పెట్టారు. అది అయ్యేదాకా ఎగ్జిట్ పోల్స్ బయటపెట్టొద్దన్నారు.

ఇప్పుడు రంగుల సంగతి. పురానాపూల్‌లో 2016లోనూ, 2020లోనూ మజ్లిస్ గెలిచింది. మ్యాప్‌లో ఆకుపచ్చ. దాన్ని చూసి "ఇక్కడ మతం చూసి ఓటేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కానీ రెండుసార్లూ మజ్లిస్ టికెట్ మీద గెలిచింది సున్నం రాజ్‌మోహన్, హిందూ అభ్యర్థి. రంగు పార్టీ పేరు చెప్తుంది. ఎవరు, ఎందుకు ఓటేశారో చెప్పదు. అభ్యర్థా, నాలా పనులా, పార్టీయా? అది తెలియాలంటే ఆ బస్తీకి వెళ్లి అడగాల్సిందే.

రెండోది, సీట్లు వేరు, ఓట్లు వేరు. 2020లో టీఆర్ఎస్‌కి 56, బీజేపీకి 48, మజ్లిస్‌కి 44, కాంగ్రెస్‌కి 2. సీట్లలో మొదటి రెండు పార్టీల మధ్య 8 తేడా ఉంది గానీ, ఓట్ల శాతంలో రెండూ దాదాపు సమానం, చెరో 35 శాతం పైన. మజ్లిస్ అయితే 51 చోట్లే పోటీ చేసింది. దాని సిటీ మొత్తం ఓట్ల శాతాన్ని, దాదాపు అన్నిచోట్లా పోటీ చేసిన పార్టీతో పక్కపక్కన పెడితే లెక్క తప్పుతుంది.

మూడోది, అసలు ఓటేసింది ఎంతమంది? 2020లో పోలింగ్ 46 శాతం చిల్లర. అంటే వంద మంది ఓటర్లలో 46 మంది వచ్చారు. అందులో 35 శాతం అంటే సుమారు 16 మంది. "హైదరాబాద్ తీర్పు" అని హెడ్డింగ్ పెట్టినప్పుడు దాని వెనక ఉన్నది ఈ పదహారు మందే. ఇంట్లో కూర్చున్న 54 మంది ఏమనుకున్నారో ఏ మ్యాపూ చూపించదు.

నాలుగోది, పెద్ద ఎలక్షన్‌కి ఇది ట్రైలరా? 2020లో బీజేపీ 4 నుంచి 48కి ఎగబాకింది. ఇక రాష్ట్రం వాళ్లదే అన్నారు చాలామంది. 2023 అసెంబ్లీలో గ్రేటర్ పరిధిలో ఆ పార్టీకి దక్కింది గోషామహల్ ఒక్కటే. గ్రేటర్‌లో ఒక్క సీటూ రాని కాంగ్రెస్ మాత్రం రాష్ట్రంలో 64 సీట్లతో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. మళ్లీ 2024 లోక్‌సభలో సికింద్రాబాద్, మల్కాజిగిరి, చేవెళ్ల బీజేపీ గెలిచింది. ఓటర్లు అయోమయంలో ఉన్నారని కాదు. కార్పొరేటర్‌కి ఒక లెక్క, ఎమ్మెల్యేకి ఇంకో లెక్క, ఢిల్లీకి మరో లెక్క.

ఇంకోటి. ఎక్కువ సీట్లొస్తే మేయర్ పీఠం దానంతటదే రాదు. ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు కూడా ఎక్స్ అఫీషియోగా ఓటేస్తారు. 2021 ఫిబ్రవరిలో టీఆర్ఎస్‌కి సొంత మెజారిటీ లేకపోయినా, మజ్లిస్ మద్దతుతో గద్వాల విజయలక్ష్మి మేయర్ అయ్యారు.

కాబట్టి మ్యాప్ వస్తే ఫార్వర్డ్ చేసే ముందు నాలుగు అడగండి: పోలింగ్ ఎంత? ఓట్ల శాతం ఎంత? ఎన్ని చోట్ల పోటీ చేశారు? మన డివిజన్‌లో మెజారిటీ ఎంత? ఆఖరిది ముఖ్యం. తక్కువ తేడాతో గెలిచిన కార్పొరేటర్‌కి మీ గల్లీ ఓట్ల విలువ బాగా తెలుసు. నాలా పొంగినప్పుడు మీరు ఫోన్ చేసేది ఆయనకే, లేదా ఆమెకే. టీవీలో "తీర్పు" చెప్పే యాంకర్‌కి కాదు.

ఈ రోజుకి ఇంతే. మళ్లీ కలుద్దాం.