కిటికీలో ఉండిపోయిన గ్లాసు

మీలో చాలామంది చిలుకూరు వెళ్లే ఉంటారు. మా మొయినాబాద్ మండలంలోదే ఆ బాలాజీ గుడి. హుండీ ఉండదు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. ఎక్కువమంది కోరిక ఏమిటో వేరే చెప్పాలా? అమెరికా వీసా! మా అమ్మాయి కోసం నేనూ తిరిగాను. 2016లో వెళ్లింది.

మరుసటి ఏడాది ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలో శ్రీనివాస్ కూచిభొట్లను ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. మన హైదరాబాదు నుంచి వెళ్లిన ఇంజనీరు, 32 ఏళ్లవాడు. 'మా దేశం వదిలి పొండి' అని అరుస్తూ కాల్చాడట. శ్రీనివాస్‌నూ, పక్కనున్న స్నేహితుణ్ణీ ఇరాన్ వాళ్లనుకున్నాడట. అడ్డుకోబోయి తూటా తిన్న మనిషి కూడా ఒక తెల్లవాడే, అదీ చెప్పుకోవాలి.

ఆ రోజు ఫోనులో మా అమ్మాయి గొంతు వినగానే నాకు ఏడుపు ఆగలేదు. మా ఇంట్లో పనిచేసే ఆమె వెనక మెట్టు మీద కూర్చుని టీ తాగుతోంది. "ఏమైందమ్మా, బిడ్డ మంచిగుందా?" అని అడిగింది. రంగు చూసి మన పిల్లవాణ్ణి చంపేశారని చెప్పాను.

"రంగు జూసి గూడ సంపుతరా అమ్మా!" అంది. లేచి, తన గ్లాసు తనే కడిగి, కిటికీలో బోర్లించి వెళ్లిపోయింది.

అంచు సొట్టపడ్డ ఆ స్టీలు గ్లాసు ఏడేళ్లుగా అక్కడే ఉంది. ఆమెకని వేరుగా పెట్టింది. దాన్ని మేమెవరం ముట్టుకోం. మా కంచాలు, చెంబులు, పూజ గిన్నెలు కూడా రోజూ తోమేది మాత్రం ఆమే. ఇన్నేళ్లలో ఈ లెక్క నాకు తట్టనే లేదంటే నమ్ముతారా? అడిగితే 'శుభ్రత' అనేదాన్ని, కాదంటే 'అలవాటు' అనేదాన్ని.

చేవెళ్లలో మా అత్తమ్మ పుట్టింట్లో కూడా అంతేనట. 'వాళ్ల' గ్లాసు పశువుల కొట్టం గోడ మీద ఉండేదట. పల్లెల హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి మీరూ వినే ఉంటారు. అంటరానితనం చెల్లదని రాజ్యాంగం 17వ అధికరణం 1950 నుంచీ చెబుతోంది. 1955లో దానికి చట్టమూ వచ్చింది. మరి వంటింటి కిటికీ చూడడానికి ఏ పోలీసు వస్తాడు!

2018 ఏప్రిల్‌లో చిలుకూరు ఆలయ అర్చకులు రంగరాజన్ గారు, హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎత్తుకుని తీసుకెళ్లారు. లోకసారంగ ముని తిరుప్పాణాళ్వారును మోసుకెళ్లిన కథ ఉంది కదా, దాన్ని తలపిస్తూ చేసిన మునివాహన సేవ అది. టీవీలో చూసి అత్తమ్మ చేతులు జోడించింది. సరే, ఇదే అదను అనుకుని గ్లాసు మాట ఎత్తాను.

"గుడి సంగతి గుడిది, మన ఇంటి సంగతి మనది" అంది.

మర్నాడు మా గ్లాసుల్లోనే ఒకదాంట్లో టీ పోసి ఇచ్చాను. ధైర్యం చేశానని లోపల కాస్త గర్వం కూడా. ఆమె అందుకోలేదు. "వద్దమ్మా, నా గిలాస నాకున్నది. పెద్దమ్మ జూస్తే నా పని బోతది" అంది. నా ముచ్చటకు ఆమె బతుకుతెరువు పణంగా పెట్టానన్నమాట! ముందు మాట్లాడవలసింది అత్తమ్మతో. మాట్లాడాను, పోట్లాడాను. రెండు రోజులు ఆవిడ నా చేతి టీ తాగలేదు.

2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదేనట. "ఇక్కడి దాకా ఎవరు తెచ్చారమ్మా కులాన్ని?" అంది మా అమ్మాయి ఫోనులో. ఊరగాయలతో పాటు సర్దింది మనమే కదా!

సొట్ట గ్లాసు ఇప్పుడు బియ్యం డబ్బాలో ఉంది. నలుగురికీ దాంతో మూడు గ్లాసులు కొలిచి పోస్తాను. అత్తమ్మకు తెలుసు. ఏమీ అనదు, అన్నం తింటుంది. ఆమె ఇప్పుడు అందరి గ్లాసుల్లోనే టీ తాగుతోంది. పీట వేసినా సరే, ఇంకా ఆ వెనక మెట్టు మీదే కూర్చుంటుంది.