తిరువళ్లూరు సీమలో వెట్టి: చట్టాలు, అప్పులు, భూమి

బ్రిటిషిండియాలో బానిసత్వానికి 1843 నాటి అయిదో చట్టంతో న్యాయస్థానాల అండ పోయింది. ఫలానా మనిషి తన బానిస అంటూ కోర్టుకెక్కే దారి యజమానికి మూసుకుపోయింది. 1862లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి మనుషుల్ని బానిసలుగా కొనడాన్నీ అమ్మడాన్నీ నేరంగా మార్చింది. అయినా చెంగల్పట్టు జిల్లాలో, అప్పట్లో అందులో భాగమైన తిరువళ్లూరు తాలూకాలో, దళిత కూలీలకు విముక్తి దొరకలేదు.

వారిని పట్టి ఉంచినవి రెండు: అప్పు, భూమి. కొడుకు పెళ్లికని కూలీ భూస్వామి దగ్గర కొంత సొమ్ము తీసుకుని, అది తీరేదాకా ఆయన పొలంలోనే పనిచేస్తానని ఒప్పుకునేవాడు. ఇలాంటివాణ్ని అక్కడ 'పడియాళ్' అనేవారు. రోజుకింత ధాన్యం కొలిచేవారు గానీ, దానితో అసలు తీరేది కాదు. కూలీ గుడిసె నిలిచిన జాగా కూడా మిరాసీదారు (వంశపారంపర్య భూస్వామి) చేతిలోదే. ఎదురుతిరిగితే ఇల్లే పోయేది.

జిల్లా కలెక్టరుగా పనిచేసిన ట్రెమెన్‌హియర్ 1891లో ఈ పరిస్థితిపై ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. కూలీలకు ఇళ్ల స్థలాలు, సాగుభూమి ఇవ్వాలన్నది అందులోని ప్రధాన సూచన. 1892లో మద్రాసు ప్రభుత్వం దళితులకు భూములు కేటాయించే ఉత్తర్వు వెలువరించింది. ఇతర కులాలవారికి అమ్మరాదన్న షరతుతో ఇచ్చిన ఆ భూములే నేటి 'పంచమి' భూములు.

అదే కాలంలో దళితుల్లోంచే నాయకులు వచ్చారు. చెంగల్పట్టు ప్రాంతంలో పుట్టిన రెట్టమలై శ్రీనివాసన్ 1891లో పరైయర్ మహాజన సభను స్థాపించి, 1893లో 'పరైయన్' పత్రిక పెట్టారు. తర్వాత మద్రాసు శాసనమండలిలో సభ్యుడయ్యారు. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్‌తో పాటు హాజరయ్యారు. ఆయన సోదరిని పెళ్లాడింది పండిత అయోతీదాసు. కుల దాస్యాన్ని ఎదిరించిన తొలితరంలో అయోతీదాసుది ముందు వరుస. చుట్టరికం ఉన్నా ఇద్దరి దారులు వేరు: అయోతీదాసు బౌద్ధం వైపు మళ్లారు, శ్రీనివాసన్ మతం మారకుండానే హక్కుల కోసం పోరాడారు.

అప్పు ముడిని చట్టం నేరుగా తెంచింది 1976లో. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కూలీని విడిపించడమే కాదు, అతని వెట్టి అప్పును కూడా రద్దు చేసింది. చాకిరీ చేయించినవారికి మూడేళ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా విధించవచ్చు.

తిరువళ్లూరు 1997లో ప్రత్యేక జిల్లా అయింది. చట్టం వచ్చినా ఇక్కడ వెట్టి ఆగలేదు. ఈ జిల్లాలోని రైస్ మిల్లుల్లో ఇరుళర్ తెగ కుటుంబాలు, ఇటుక బట్టీల్లో ఒడిశా వలస కూలీలు అడ్వాన్సు తీసుకుని చిక్కుకున్న ఉదంతాలు బయటపడ్డాయి. అలాంటిచోట అధికారులు విచారించి, వెట్టి అని తేలితే విడుదల పత్రం ఇస్తారు. అప్పు రద్దయిందనడానికి ఆధారం ఆ కాగితమే. కేంద్ర పథకం కింద పునరావాస సాయం పొందడానికీ అదే కీలకం. 2016 నుంచి ఈ సాయం వయోజన పురుషులకు లక్ష రూపాయలు, మహిళలకూ పిల్లలకూ రెండు లక్షలు, అతి దారుణమైన కేసుల్లో మూడు లక్షలు. చేతిలో సొమ్ము, కాళ్లకింద సొంత జాగా లేకపోతే విడుదలైనవాడు మళ్లీ అడ్వాన్సుకే చేయి చాస్తాడు. 1891 నివేదిక భూమి గురించి అడిగింది కూడా అందుకే.